పదో కిరణం

సరిగ్గా చూసిన ఒక మనిషిని, నువ్వు సరిగ్గా చూడలేదని నేను నమ్మించాను. నేను చేసిన తప్పు ఇదే. ఒక్క వాక్యంలో పట్టింది. ఈ వాక్యాన్ని ఇన్నేళ్ళుగా మనసులో ఎన్నిసార్లు రాసుకున్నానో చెప్పలేను. రాసుకున్న ప్రతిసారీ దాని చివర ఒక ‘కానీ’ చేర్చాను. ఆ ‘కానీ’ తర్వాత రాయడానికి నా దగ్గర చాలా ఉండేవి. మే నెల ఎండ, పరీక్ష పేపర్లు, పుస్తకంలో అచ్చయిన పాళ్ళు. ఏదీ అబద్ధం కాదు. ఇవాళ ఆ మాట వాడకుండా రాయాలని కూర్చున్నాను.

నాకు మంచి నిద్ర ఉంది. ఆకలి ఉంది. నలుగురిలో కూర్చుంటే నవ్వుతాను. తప్పు చేసినవాడు కుమిలిపోతాడని అంటారు. నా విషయంలో అలా జరగలేదు. జరిగింది ఇంకొకటి. ఏదైనా లెక్కపెడుతున్నప్పుడు, అవి కుర్చీలు కావచ్చు, వరండాలో కుండీలు కావచ్చు, తొమ్మిది దగ్గరికి వచ్చేసరికి నాలో ఏదో ఆగుతుంది. పక్కనున్నవాళ్ళకు తెలియదు. నాకు తెలుస్తుంది. బరువంటే నా వరకు అది.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళయితే సగం చెప్పి, మిగతా సగం వాళ్ళ ఊహకు వదిలేసేవాణ్ణి. వాళ్ళు నా మీద గౌరవంతో ఆ సగాన్ని నాకు అనుకూలంగా పూరించుకునేవాళ్ళు. మీకు మొత్తం చెప్పాలి.

నేను సికింద్రాబాదులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజులు. మా స్టాఫ్ రూములో ఒక బల్ల దగ్గర గోదావరి యాస, ఇంకో బల్ల దగ్గర మా తెలంగాణ మాట వినిపించేవి. మా ఇంట్లో వాళ్ళం మూడు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్నాం. సముద్రాన్ని నేను మొదట సీసాల్లో చూశాను, తర్వాత స్టూడెంట్లను టూరుకు తీసుకెళ్ళినప్పుడు చూశాను. చేపల్ని మాత్రం బాగా ఎరుగుదును. ముఖ్యంగా వాటి ఎముకల్ని.

నాకు ఒక పనిలో పేరుండేది. వేలెడంత చేపలో ఎముకలు చూడాలంటే కోసి లాభం లేదు, విరిగిపోతాయి. అందుకని దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్ నీళ్ళలో ఉంచుతాం. మాంసం మెల్లమెల్లగా గాజులా మారుతుంది. అప్పుడు ఎలిజరిన్ అనే రంగు పట్టిస్తే ఎముకలు మాత్రం ఎర్రబడతాయి. చివరికి గ్లిజరిన్‌లోకి దించితే, గాజు చేపలో ఎర్రటి అస్థిపంజరం నిలబడి ఉంటుంది. ఒక్కొక్క వెన్నుపూసా లెక్కపెట్టుకోవచ్చు. ఈ పనిలో కష్టమంతా ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడంలో ఉంది. ముందే తీస్తే మాంసం తెల్లగా మిగులుతుంది. ఆలస్యమైతే చేపే మిగలదు. నేను ఎన్నడూ ఆలస్యం చేసినవాణ్ణి కాదు. బేగంపేట అవతలి కాలేజీల నుంచి కూడా నా తయారీలు చూడడానికి వచ్చేవారు. మోండా మార్కెట్లో పాత సీసాలమ్మే దుకాణం నుంచి మూత సరిగా పట్టే వెడల్పు సీసాలు ఏరి తెచ్చుకునేవాణ్ణి. నా బీరువాలో అవి వరసగా ఎర్రగా మెరుస్తుండేవి. నేను గర్వపడేవాణ్ణి. ఈ మాట తర్వాత అవసరమవుతుంది.

మా డిపార్టుమెంటులోనే పాఠాలు చెప్పే సలోమిగారు నాకంటే కొన్నేళ్ళు చిన్న. అసలు పేరు ఇది కాదు. కోస్తాలో ఒక చిన్న ఊరు. తండ్రి మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. డాక్టరేటు లేదు. ఉద్యోగంలో చేరి, చెల్లెలు రూతును చదివించి, ఆ తర్వాత తన చదువు సంగతి చూసుకోవాలనుకున్న మనిషి. నన్ను ‘మాస్టారూ’ అని పిలిచేది. సెలవులకు ఊరెళ్తే ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, పాత దోమతెర గుడ్డకు ఒక కొస తను, ఒక కొస చెల్లెలు పట్టుకుని చిన్న చేపల్ని పట్టేవాళ్ళు. పట్టిన వాటిలో ఎక్కువ గోబీలే. ఏరుల్లో ఇసుకదొందు అని పిలిచే చేప ఉంది కదా, దాని బంధువులు. అడుగున ఇసుకలో ఇసుక రంగులో పడుకుని ఉంటాయి. కూరకు పనికిరానంత చిన్నవి కాబట్టి జాలర్లు వాటిని గట్టు మీదే పారేస్తారు. ఒకదాన్నించి ఇంకొకదాన్ని గుర్తుపట్టడం అనుభవమున్నవాళ్ళకు కూడా కష్టం.

అటువంటి చేపలు రెండు, ఒక వేసవిలో ఆమెకు దొరికాయి.

“మాస్టారూ, ఇవి ఏ గూట్లోనూ ఇమడటం లేదండీ,” అంటూ తెచ్చింది. గూడంటే మా లెక్కలో ప్రజాతి, దగ్గరి పోలికలున్న జాతుల గుంపు. ఆ చేపల తల మీద ఉండవలసిన సన్నటి రంధ్రాలు లేవు. బుగ్గ మీది చుక్కల వరసలు నిలువుకు బదులు అడ్డంగా ఉన్నాయి. రెండో వీపు రెక్కలో కిరణాలు పది ఉన్నాయి. కిరణాలంటే గొడుగు ఊచల్లా రెక్కను నిలబెట్టేవి. ఆ తీరపు చేపల్లో వీటిని పోలినవాటికి తొమ్మిదే ఉంటాయి. ఒక్క కిరణం తేడాతో కొత్త ప్రజాతి ఏర్పడదు. రంధ్రాలు, చుక్కలు, కిరణం, వాటికి తోడు లోపలి ఎముకల్లో కూడా తేడా కనిపిస్తే ఏర్పడుతుంది. ఆమె అడిగింది ఆ నాలుగోది. ఈ చేపల మీద ఆమె రాసే వ్యాసం అచ్చయితే పరిశోధనకు చేర్చుకుంటానని విశ్వవిద్యాలయంలో ఒక పెద్దాయన ఆమెకు మాటిచ్చాడు. కనుక ఆమె భవిష్యత్తు ఆ రెండు చేపల మీద ఉంది. ఈ విషయం నాకు స్పష్టంగా తెలుసు. తెలియదని చెప్పుకునే వీలు నాకు లేదు.

తోక చిరిగినదాన్ని నాకిచ్చింది, బాగున్నదాన్ని తన దగ్గర ఉంచుకుంది.

“మీ చేతిలో పడ్డాక చేప చచ్చిన తర్వాత బాగుపడుతుందని మన పిల్లలు అంటున్నారండీ. చూద్దాం,” అంది.

“బతికున్నప్పుడు నా దగ్గరికి తెస్తే గదా, అప్పుడూ బాగుచేస్తా,” అన్నాను. నవ్వుకున్నాం. మిగతా సెలవులకు ఆమె మళ్ళీ ఊరికి వెళ్ళింది.

మందులో వేసేముందు నేనూ లెక్కపెట్టాను. పది.

నేను అనుసరించిన పుస్తకం చలిదేశంలో రాసింది. ద్రావణం పాళ్ళు, ‘గది ఉష్ణోగ్రత’లో ఉంచవలసిన కాలం అందులో ఉన్నాయి. ఆ గది ఎవరి గది? మే నెలలో పడమటి ఎండ తగిలే మా ప్రయోగశాల రాతిబల్ల చెయ్యి ఆనించలేనంతగా కాగుతుంది. వేడి ఎక్కువైతే ఆ మందు ఎంత వేగంగా పనిచేస్తుందో నేను తరగతిలో చెప్పే పాఠమే. ప్రతి వేసవిలో పాళ్ళు సగానికి తగ్గించి, పూటపూటా చూసుకునేవాణ్ణి. ఆసారి ఆమె చేప కదా, వ్యాసంలో పద్ధతి రాయాలి కదా, ఎవరూ వేలెత్తి చూపకూడదని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. అది పొరపాటు. నా తప్పు దీని తర్వాత మొదలవుతుంది. పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపుకు రమ్మని కబురు వచ్చింది. రెండు రోజుల్లో వచ్చేస్తాననుకుని వెళ్ళాను, వారం దాకా వదల్లేదు. మధ్యలో ఒకసారి ఫోన్ చేసి, సీసాను నీళ్ళలోకి మార్చమని అటెండరు యాదగిరికి చెప్పి ఉండవలసింది. నా తయారీలను ఇంకొకరు ముట్టుకోవడం నాకిష్టం లేదు. చెప్పలేదు.

తిరిగి వచ్చేసరికి సీసాలో చేప లేదు. అడుగున జిగురులాంటి మడ్డి, అందులో విడివిడిగా ఎముకలు.

యాదగిరి నా భుజం మీదుగా తొంగిచూశాడు. “ఏంది సార్ గిది, పాయా సూప్ లెక్క అయ్యింది?” అన్నాడు. నేను సీసా మీద నుంచి కళ్ళు తియ్యలేదు. అతని నవ్వు పోయింది. “మేడం తెచ్చిన చేప గాదు గద సార్?”

“కాదు,” అన్నాను.

“అట్లయితే ఏం పరేషాన్ లేదు తియ్యుండ్రి. జెర సేపైతే కడిగేస్త,” అని వెళ్ళిపోయాడు.

ఆ ‘కాదు’ గురించి నేను చాలా ఆలోచించాను. నేను దాన్ని నిర్ణయించుకుని అనలేదు. అడిగిన వెంటనే నోటి నుంచి వచ్చింది, ఎవరో చెయ్యెత్తితే రెప్ప మూసుకున్నట్టు. ఒక అటెండరు దగ్గర, ఒక్క నిమిషంపాటు చిన్నబోకుండా ఉండడానికి ఆడిన మాట. అదొక్కటీ వెనక్కి తీసుకుంటే మిగతాదేదీ జరిగేది కాదు. వెనక్కి తీసుకోవడానికి వరండా దాటి నాలుగడుగులు వెయ్యాలి. వెయ్యలేదు.

యాదగిరి కడగడానికి రాకముందే ఆ మడ్డిలోంచి పూసల్ని సూదితో ఏరాను. ఇరవై ఏడు. మిగతా గోబీల్లో మామూలుగా ఇరవై ఆరు ఉంటాయి. కరిగిపోయినదాంట్లో ఒక పూస పోయి ఉండవచ్చు, కొత్తగా ఒకటి పుట్టదు. కాబట్టి ఇరవై ఏడుకు తక్కువ కాదు. అంటే నాలుగో ఆధారం కూడా దొరికింది. ఆమె అనుకున్నది నిజం. ఆ క్షణంలో అది తెలిసినవాణ్ణి ప్రపంచం మొత్తం మీద నేనొక్కణ్ణే. పూసల్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. తర్వాత కుళాయి తిప్పాను.

స్టూడెంట్ల టూర్లలో తెచ్చిన మామూలు గోబీలు మా దగ్గర సీసా నిండా ఉండేవి. అదే పొడవున్నదాన్ని ఒకటి తీశాను. దాని తోక బాగుంది. పట్టకారుతో నేనే చీల్చాను. ఆమె ఇచ్చినదానికి ఎంత చిరిగిందో అంత, అదే వైపు. ఎండ అనండి, క్యాంపు అనండి, పుస్తకం అనండి, ఆ పట్టకారు దగ్గరికి వచ్చేసరికి ఏదీ నాకు సాయం రాదు. ఈ చేపకు మందు పాళ్ళు సగం చేశాను. పూటపూటా చూసుకున్నాను. రంగు ఎక్కడా పొంగకుండా, ఒక్క ఎముకా కదలకుండా వచ్చింది. మాంసం గాజయ్యాక తల మీది రంధ్రాలు, బుగ్గ మీది చుక్కలు ఎలాగూ కనిపించవు. నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే గొప్ప తయారీ అది.

జూన్‌లో కాలేజీ తెరిచాక ఆమె ఊరి నుంచి వచ్చింది. గొడుగు తలుపు దగ్గర ఆనించి, కుర్చీ కూడా లాక్కోకుండా సూక్ష్మదర్శిని మీదికి వంగింది. ఆ సంభాషణ నాకు ఒక్క మాట పొల్లుపోకుండా గుర్తుంది.

“ముందు అందం చూడనివ్వండి మాస్టారూ, లెక్కలు తర్వాత,” అంది. కాసేపటికి, “అబ్బ, ఎంత బాగా చేశారండీ! మా చర్చి కిటికీలో రంగుటద్దం బదులు దీన్ని పెట్టుకోవచ్చు,” అంది.

నేను నవ్వాను. నవ్వగలిగాను.

ఆ తర్వాత ఆమె పెదవులు కదలడం మొదలుపెట్టాయి. మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది.

“తొమ్మిదే వస్తున్నాయేమిటండీ?”

“తొమ్మిదే,” అన్నాను.

“నేను పది చూశానే.”

“చివరిది చీలి ఉంటుంది గదా. మొదలు ఒక్కటే. రెండు కింద లెక్కేసుంటారు.”

ఆమె తలెత్తి నన్ను చూసింది. “అది ఫస్టియర్ పిల్లలకు నేను చెప్పే పాఠం మాస్టారూ! చివరి చీలికను ఒకటిగానే లెక్కెయ్యండర్రా అని ఏటా గొంతు చించుకుంటాను. నాకే చెప్తున్నారా?”

“ఎవరికైనా జరుగుతుంది.”

“పూసలు?”

“ఇరవై ఆరు. అన్నిట్లాగే.”

ఆమె సంచిలోంచి రెండో చేప సీసా తీసింది. నేను దాని గురించి ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు. “ఇది మీరే చూసి చెప్పండి,” అంది. “ఇప్పుడు నేను చూస్తే నాక్కావలసిందే కనిపిస్తుందేమో. మీరైతే ఉన్నది చెప్తారు.”

చేపను పళ్ళెంలో పెట్టి, రెక్కను సూదితో విప్పి, కటకం సరిచేశాను. అంత స్పష్టంగా ఏ రెక్కనూ నేను చూసి ఉండను. ఒకటి, రెండు, మూడు. తొమ్మిదోది దాని చోట అది విడిగా ఉంది. దాని పక్కన, మధ్యలో చక్కగా ఖాళీ వదిలి, కొస చీలిన పదోది ఉంది. అక్కడ తప్పు లెక్కపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆమెకు అసలే సాధ్యం కాదు.

ఈ చోట నాకింకా దారి ఉంది. గమనించండి. మొదటి చేప కరిగిపోయింది, దాన్ని దాచడానికి అబద్ధం ఆడాను, అంతవరకు ఒకటి. రెండో చేప నా కళ్ళముందు చెక్కుచెదరకుండా ఉంది. ‘ఇందులో పది ఉన్నాయి’ అని ఒక్క మాట అంటే చాలు. రెండు చేపలూ వేర్వేరు అనుకునేది, ఇది కొత్తదని రాసేది, మళ్ళీ వేసవికి వెళ్ళి ఇంకా పట్టుకొచ్చేది. నా గుట్టు కూడా దాగేది. ఇంత తేలికైన దారి నాకు ఆ నిమిషంలో తోచలేదా? తోచిందని ఇవాళ రాస్తున్నాను. తోచింది. దాని వెంటే ఇంకొకటీ తోచింది: పది అంటే ఆమె మొదటిదాన్ని మళ్ళీ పరీక్షగా చూస్తుంది. అదే ఏట్లో, అదే వలలో వచ్చిన రెండింట్లో ఈ తేడా ఏమిటని అడుగుతుంది. అడిగితే నేను దొరికిపోతాను. ఈ లెక్కంతా నా బుర్ర ఒక్క ఊపిరిలో వేసింది. లెక్కలు వేగంగా వెయ్యడమే కదా నా చదువు.

“తొమ్మిది,” అన్నాను.

ఆమె వంగి చూసింది. “నాకు పదిలాగే...”

“తొమ్మిదోది, పదోది అనుకుంటున్నారే, ఆ రెండూ అడుగున కలుస్తున్నయి. చూడండి.”

“కలుస్తున్నాయా?”

“కలుస్తున్నయి.”

ఆమె కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూసింది. ఆ చూడటం నేను పక్కన నిలబడి చూశాను. మనిషి తన కంటికి కనిపిస్తున్నదాన్ని వదులుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆమె భుజాలు మొదట బిగిశాయి, తర్వాత వదులయ్యాయి.

“అవునండీ. కలుస్తున్నట్టే ఉన్నాయి. రంధ్రాలు, చుక్కలు కూడా ఇలాగే చూసి ఉంటాను,” అంది. ఆ తర్వాత తనే నవ్వడానికి ప్రయత్నించింది. “పోనీలెండి. అచ్చవకముందే తెలిసింది, లేకపోతే నలుగురిలో నవ్వులపాలయ్యేదాన్ని. మీరుండబట్టి సరిపోయింది మాస్టారూ.”

నాకు కృతజ్ఞత చెప్పింది.

ఆ కృతజ్ఞతను నేను తీసుకున్నాను. ఇంకా ఒకటి ఉంది, ఇది రాయడానికే అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది. తొమ్మిది అన్నప్పుడు నాలో భయం ఒక్కటే లేదు. పదిహేనేళ్ళు చేపల్ని చూసినవాణ్ణి, నాకు ఎన్నడూ గూట్లో ఇమడని చేప దొరకలేదు. డాక్టరేటు లేని మనిషికి, దోమతెర గుడ్డలో, సెలవుల్లో దొరికింది. ఆ మాట మింగుడుపడలేదని నాకు అంతకుముందు తెలియదు. ఆమె భుజాలు వదులైనప్పుడు నాకు తెలిసింది. అది సుఖమని అనలేను. ఇరుకు చెప్పు విడిచినప్పటిలా ఏదో ఉంది. ఒక్క క్షణం ఉంది.

ఆమె ఆ వ్యాసాన్ని పంపలేదు. విశ్వవిద్యాలయంలో పెద్దాయనకు తన పొరపాటును తనే ఉత్తరం రాసి చెప్పుకుంది. ఆయన మంచి మాటలతో జవాబిచ్చి, ఇంకొకరిని చేర్చుకున్నాడు. రెండో చేప సీసా మీద మామూలు గోబీ పేరు తన అందమైన అక్షరాల్లో రాసి డిపార్టుమెంటుకు ఇచ్చేసింది. దాన్ని ప్రాక్టికల్ పరీక్షల్లో బల్ల మీద పెట్టేవాళ్ళం. పిల్లలు చూసి, గోబీ అని రాసి, మార్కులు తెచ్చుకునేవాళ్ళు. నేను దిద్దేవాణ్ణి. ఏళ్ళ తరబడి. ఒక వేసవిలో దాని మందు ఇంకిపోయి చేప ఎండిపోయింది. ప్రయోగశాల మరో భవనంలోకి మారేటప్పుడు చాలా సీసాలతో పాటు అదీ పోయింది. పారేసింది నేను కాదు. కాపాడగలిగి కాపాడనిది నేనే.

ఆమె మళ్ళీ చేపలు పట్టడానికి వెళ్ళలేదు. పాఠాలు బాగా చెప్పేది, పిల్లలకు ఆమె అంటే ప్రాణం. అయితే ఒక అలవాటు వచ్చింది. ఏది లెక్కపెట్టినా, ఏది కొలిచినా ఇంకొకరికి చూపించేది. మార్కుల కూడికలు కూడా. “ఒకసారి చూసిపెట్టండి మాస్టారూ, నా లెక్క నమ్మకండి,” అనేది, నవ్వుతూ. మొదట్లో అది నిజంగా హాస్యమే. తర్వాత హాస్యంగా చెప్పే నిజమైంది. యాప్రాల్ అంటే ఇంకా ఊరవతల అనుకునే రోజుల్లో అక్కడ స్థలం కొని ఇల్లు కట్టుకుంది. పునాది గీతల దగ్గర టేపు నా చేతికిచ్చి, తను కొలిచినవన్నీ మళ్ళీ కొలిపించింది. ఒక్కటీ తప్పు లేదు. అంగుళం తేడా లేదు. “అన్నీ సరిగ్గానే ఉన్నయి,” అన్నాను. “ఏమోనండీ,” అంది. ఇంకా గోడలు లేని ఆ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు రాదు. టేపు చుట్టి ఇచ్చేశాను.

ఉద్యోగం అయ్యాక నేను ఒక్కణ్ణే రెండుసార్లు ఆ ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగకు వెళ్ళాను. గట్ల వెంట రొయ్యల చెరువులు వచ్చాయి, నీళ్ళ రంగు మారింది. వల వేసి చూశాను. మామూలు గోబీలు దొరికాయి. ఆ చేప ఇప్పుడు లేదని చెప్పే అధికారం నాకు లేదు. నాకు దొరకలేదని మాత్రమే చెప్పగలను. దొరికితే ఏం చేసేవాణ్ణి? ఆమె దగ్గరికి తీసుకెళ్ళి, ఇదిగో పది అని చూపించి, నా సంగతి దాచి, ఆమె సంతోషాన్ని కూడా నా ఖాతాలో వేసుకునేవాణ్ణేమో. నా మీద నాకు అంతకంటే మంచి అభిప్రాయం లేదు.

క్రిందటేడు ఆమె పోయింది. జ్వరంతో మొదలై, కొద్ది రోజుల్లోనే.

వాళ్ళలో సమాధి చేసిన తర్వాత ఒక సాయంత్రం ఆదరణ కూటం పెడతారు. ప్రార్థన చేసి, పోయినవారి గురించి ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్తారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. రూతు లేచింది. దోమతెర గుడ్డకు రెండో కొస పట్టుకున్న చెల్లెలు; ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది.

“మా అక్క చిన్నప్పుడు ఇలా ఉండేది కాదండీ,” అంది. “తనకు తెలిసిందంటే తెలిసినట్టే. మా నాన్నగారితో కూడా వాదించేది. తర్వాత ఎంత తగ్గిపోయిందో! పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో కూడా నన్నే చూడమనేది, నా నాలుకను నమ్మనే అనేది. అంత వినయం. దేవుడే మా అక్కను అలా మలిచాడు.”

చాలామంది ‘ఆమెన్’ అన్నారు.

మలిచింది ఎవరో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. నేను ఆమె నుంచి తీసుకున్నదాన్ని వాళ్ళు ఆమెకున్న గుణంగా చెప్పుకుంటున్నారు. దానికి స్తోత్రం చేస్తున్నారు.

పాస్టరుగారు నన్ను గుర్తుపట్టి, “మాస్టారు కూడా రెండు మాటలు చెప్తే బాగుంటుంది,” అన్నారు. ముందుకు వెళ్ళాను. మైకు అందుకున్నాను. గోడ పక్కన రూతు నావైపే చూస్తోంది. చెప్పాలనే వెళ్ళాను, ఇది నిజం. “సలోమిగారి లెక్క ఎన్నడూ తప్పలేదు,” అన్నాను. తర్వాతి వాక్యం రాలేదు. అందరూ తలలూపారు. పోయినవాళ్ళ గురించి ఎవరైనా చెప్పే మంచిమాట అనుకున్నారు. రూతు కళ్ళు తుడుచుకుని నాకు నమస్కారం పెట్టింది. నేను వచ్చి కూర్చున్నాను.

అబద్ధం ఆడినప్పటికంటే ఆ రోజు ఎక్కువ సిగ్గుపడ్డాను. నిజాన్ని ఎవరికీ అర్థం కాకుండా చెప్పడం నాకు అంత బాగా చేతనయింది.

అందుకే ఇది అర్థమయ్యేటట్టు రాస్తున్నాను. ఆ చేప రెండో వీపు రెక్కలో కిరణాలు పది. వెన్నుపూసలు ఇరవై ఏడుకు తక్కువ కాదు. తల మీద రంధ్రాలు లేవు, ఆమె చూసినట్టే. బుగ్గ మీది చుక్కల వరసలు అడ్డంగా ఉన్నాయి, ఆమె చూసినట్టే. అది అప్పటివరకు ఎవరూ పేరు పెట్టని చేప, దాన్ని మొదట చూసి గుర్తించినది ఆమె. ఆమె దగ్గర నేను తొమ్మిది అన్నాను. తెలిసే అన్నాను.

ఇందులో నన్ను క్షమించగలిగిన మనిషి ఒక్కతే, ఆమె లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు, దయచేసి ఆ ప్రయత్నం చెయ్యకండి. రూతుకు చెప్పాలి. రేపు చెప్తానని ఇక్కడ రాయను. ఇన్నేళ్ళూ నేను బతికింది ఆ మాట మీదే. ప్రస్తుతానికి జరిగింది ఇంతే: నేను తప్ప మరొకరికి తెలియని ఒక విషయం, ఈ వాక్యం దాకా చదివిన మీకూ తెలుసు. ఇప్పుడు దాన్ని మళ్ళీ కాదనాలన్నా నా వల్ల కాదు. ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. దానికి కూడా నాకు అర్హత ఉందో లేదో తెలియదు.